అన్ని మోటార్లకూ ఒకటే జబ్బు

"చెప్పవయ్యా బోల్టూ, దీని జబ్బేంటి?"

మేష్టారు మోటారు స్విచ్చి నొక్కి, దూరంగా వెళ్ళి స్టూలు మీద కూర్చున్నారు. శిక్షణకొచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు.

బోల్టు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఏ మోటారు చూపించినా "కింది బోల్టు వదులైందండీ" అంటాడని తోటివాళ్ళు తగిలించిన బిరుదు. వైండింగ్ కాలినా అదే మాట, ఫ్యాను విరిగినా అదే మాట. మనిషి బంగారం, పని మాత్రం గుండుసున్నా. అలాంటివాడు మేష్టారి కూతుర్ని చేసుకుంటానన్నాడు. ఆ పిల్లా ఊఁ అనేసింది! పుట్టింది మొదలు మోటార్ల మధ్య పెరిగి, తండ్రి కన్నా చురుగ్గా బేరింగులు మార్చే పిల్ల.

"కాకి ముక్కుకి దొండపండా?" అని గోలపెట్టి, చివరికి మేష్టారొక షరతు పెట్టారు. "నేనో మోటారు పాడుచేసి పెడతా. జబ్బు సరిగ్గా చెబితే పిల్లనిస్తా. లేదా, మళ్ళీ ఈ ఊసెత్తకూడదు."

నిన్న సాయంత్రం అరిగిపోయిన బేరింగొకటి ఏరి, స్వయంగా ఈ మోటారులో బిగించారు. షాపుకి తాళం వేసి, తాళంచెవి ఇంట్లో మేకుకు తగిలించారు. పాపం, కాస్త జాలి కూడా వేసిందాయనకి.

బోల్టు స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. ఒళ్ళంతా చెమటలు. మూలన క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కూతురు గోళ్ళు కొరుక్కోబోయి, వాటికున్న గ్రీజు చూసి ఆగిపోయింది.

"పొద్దున్నే వచ్చి షాపు ఊడ్చానన్నావు, గోళ్ళకి గ్రీజెక్కడిదే?"

"ఇక్కడేది ముట్టుకున్నా గ్రీజేగా నాన్నా!"

"మనసులో ఉన్నది వినకండి, మోటారు చెప్పేది వినండి" అని మేష్టారు క్లాసులో రోజూ చెబుతారు. ఇప్పుడాయనకి మాత్రం అరిగిన బేరింగు గరగర స్టూలు దాకా వినిపిస్తోంది. చెవిటివాడైనా పట్టేస్తాడు, అనుకున్నారు.

బోల్టు లేచాడు.

"కింది బోల్టు వదులైందండీ."

షాపంతా గొల్లుమంది. మేష్టారికీ నవ్వాగలేదు. "అయితే పానా వేసి చూడు నాయనా!"

బోల్టు మోటారు ఆపి, కూర్చుని పానా వేశాడు. కింది బోల్టు గిర్రున తిరిగింది. దాన్ని బిగించి మళ్ళీ స్విచ్చి నొక్కితే మోటారు అదరకుండా హాయిగా తిరిగింది.

నవ్వులు ఆగిపోయాయి. మేష్టారు గబగబా మోటారు ఆపేసి, మూత విప్పి చూశారు. లోపల బేరింగు అద్దంలా మెరిసిపోతోంది.

"జబ్బు సరిగ్గానే చెప్పాడుగా నాన్నా?"

మేష్టారు తల గోక్కున్నారు. పాతదనుకుని కొత్తది బిగించానా? కింది బోల్టు బిగించడం మరిచిపోయానా? వయసు మీద పడడమంటే ఇదే కాబోలు! అంతలో కూతురి మొహం చూశారు. అది వెలిగిపోతుంటే ఆయన మనసూ తేలికైంది.

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే రకం కాదు నేను. రావయ్యా అల్లుడూ!"

ఈలలు మోగాయి. అందరూ బోల్టుని భుజాల మీదికెత్తుకుని బయటికి పరిగెత్తారు. వాళ్ళ వెనకే కూతురూ, క్యారేజీ సంగతే మరిచిపోయి.

ఆనందానికి మేష్టారికి ఆకలి కూడా దంచేసింది. క్యారేజీ చేతిలోకి తీసుకున్నారు. బరువు చూస్తే పిల్ల బాగానే వండినట్టుంది. మూత తీశారు.

అందులో నిన్నటి పాత బేరింగుంది.