విత్తనపు కాయ

వానలు వెనకబట్టాయి. సముద్రపు గాలికి బీరపాదు మీద పేరుకున్న ఉప్పును కోడలు మంచినీళ్లతో కడుగుతోంది.

వేసవిలో చేపలవేటకు వెళ్లిన ఆమె భర్త పడవ తిరిగి రాలేదు. ఇక రాడని ఎవరైనా అంటే చాలు, అత్త ఇంతెత్తున లేచేది.

ఆకుల చాటున ఒక్క కాయ మిగిలి ఉంది. కోడలు చెయ్యి చాపింది.

"దాని జోలికి పోకే!" అత్త గడప మీంచే కసిరింది.

"మీ అబ్బాయికి దాచారా అత్తయ్యా?"

"కాదు. విత్తనానికి. గుడ్డ కట్టాను, కనబళ్లేదా?"

కోడలు ఆకులు తప్పించి చూసింది. ఎవరూ కొయ్యకుండా గుర్తుగా తొడిమకు పీలిక చుట్టి ఉంది. నీలిగళ్ల గుడ్డ.

కొడుకు రాగానే తొడుక్కుంటాడని, నిన్నటిదాకా అత్త మాటిమాటికీ ఉతికి మడతపెట్టిన చొక్కా అది.