పైవాళ్ళు ఏమంటే అదే

బస్సు పాలకొల్లు దాటగానే రూబీ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. ఫోను ఒళ్ళో బోర్లా పడేసి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ కూచుంది.

పక్క సీటాయన కాసేపు చూసి ఉండబట్టలేకపోయాడు.

“ఒంట్లో బాగోలేదా అమ్మగారూ?”

“నాకేం కాలేదండి. మా అమ్మాయికే ఇవాళ ఏమవుద్దోనని. పార్లమెంటు వింటున్నానండి.”

“పార్లమెంటులో మీ అమ్మాయికేం పనండి?”

“మాట్లాడుద్దండి. రోజూను.”

ఆయన చప్పున సర్దుకు కూచున్నాడు. కాలి మీద వేసుకున్న కాలు దించాడు.

“నన్ను భీమరాజు అంటారండి. మాది మొగల్తూరు. రొయ్యల చెరువులండి. ఆయ్!”

రూబీ ఉలిక్కిపడి గుండె మీద చెయ్యేసుకుంది. ఎందుకో రాజుగారికి తెలియలేదు. రొయ్యల వాసనేమోనని కొంచెం ఎడంగా జరిగారు.

“అమ్మాయిగారి పేరేంటండి?”

“దీవెనండి.”

“పేపర్లో చూసినట్టు లేదే. టీవీలో కూడా...”

“టీవీలో కనపడదండి. గొంతే వినపడుద్ది.”

“కొత్తవాళ్ళని వెనక బెంచీల్లో వేసేస్తారండి. కెమెరా అందాకా రాదు. ఏ పార్టీ?”

“దానికి పార్టీ ఏముందండి? నిన్న పొద్దున, దక్షిణాదికి సీట్లు తగ్గిస్తే చూస్తూ ఊరుకోం అని బల్ల గుద్దినట్టు చెప్పిందండి. భోజనాలయ్యాక, ఎవరికీ అన్యాయం జరగదు, ఇదంతా ప్రతిపక్షాల గోల అంది.”

టికెట్లు కొడుతున్న కండక్టరు లోకనాథ్ ఆగిపోయాడు.

“మనోళ్ళు గోడ దూకాలంటే ఎలక్షన్ దాకా అయినా ఆగుతారండి. ఈవిడెవరో భోజనం దాకానే ఆగారే!”

“ఆ మాత్రం చురుకు లేకపోతే పైకెలా వస్తారయ్యా?” అని రాజుగారు అతన్ని కసిరారు. తర్వాత గొంతు తగ్గించారు. “అమ్మగారూ, కిటికీ పక్కకి రండి, గాలొస్తుంది. మా రొయ్యల సంగతి మీకు తెలియంది కాదు. బయటి దేశాలవాళ్ళు సుంకం వేస్తే రేటు పడిపోయింది. మేత చూస్తే మండిపోతోంది. అమ్మాయిగారితో సభలో ఒక్క ముక్క అనిపించండి.”

“అయ్యో! అది తనంతట తను ఒక్క ముక్క కలపకూడదండి. పైవాళ్ళు ఏమంటే అదే అనాలి.”

“ఏ పార్టీలో అయినా అంతేలెండి. అధిష్ఠానం!”

రూబీ ఆ మాట వినిపించుకోలేదు. చెవిలో ఏదో గోల మొదలైనట్టుంది. మొహం చిట్లించింది.

“అందరూ ఒక్కసారి లేచి అరుస్తుంటే దాని గుండె ఆగిపోద్దేమోనండి. ఒక పెద్దాయనున్నాడు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు. ఆయన లేచాడంటే దీనికి కాళ్ళూ చేతులూ ఆడవు. పైగా ఆ ఊళ్ళో పొగ. గొంతు పోయిందంటే ఇంకేం మిగులుద్దండి దానికి? మిరియాల పొడి పంపాను. వేసుకుందో, సీసా అలాగే ఉందో!”

“ఢిల్లీకి ఢిల్లీయే ఎదురొచ్చినా మన గోదారి పిల్ల తట్టుకుంటుందండి. ఇవాళ ప్రత్యేకంగా భయమేంటి?”

రూబీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మొన్న నోరు జారిందండి. నిండు సభలో. పెద్ద సార్ పిలిచి, ఇంకోసారి ఆ మాట వినపడిందో, ఇంటికి పంపించేస్తానన్నారంట. ఎంత కష్టపడి చేరిందో అక్కడికి! రాత్రి ఫోన్లో ఒకటే ఏడుపు.”

“తిట్టాండి?”

“ఛ! మన మాటేనండి. ఈ నేల మీద పుట్టినందుకు నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది.”

రాజుగారికి అలాంటి మాటలు బోలెడు తెలుసు. వంగి చెవిలో ఒకటి చెప్పారు.

“ఛీ ఛీ! చర్చికెళ్ళే పిల్లండి!”

కొంచెం మెత్తటిది ఇంకోటి చెప్పారు.

“అది కూడా కాదండి బాబూ. దాన్ని నా చేత అనిపించకండి. నేనంటే అది కూడా అనేస్తుందేమోనని భయం.”

బస్సు చించినాడ వంతెన ఎక్కింది. సిగ్నల్ పోయి ఫోను మూగబోయింది. రూబీ వంతెన పొడుగునా “ప్రభువా, ప్రభువా” అంటూనే ఉంది. కింద గోదారి వంక చూడనైనా లేదు. అవతలి ఒడ్డు చేరగానే చెయ్యెత్తింది.

“వచ్చిందండి! ఎవరో రొయ్యల మీదే అడుగుతున్నారు. సుంకం అంటున్నారు.”

“మా రొయ్యలే!” రాజుగారు సీట్లోంచి లేచిపోయారు. “ఆ వైరు పీకండి అమ్మగారూ, మేం కూడా వింటాం. ఏయ్ లోకనాథ్, ఆ హారన్ ఆపమను!”

ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. వెనక సీట్లవాళ్ళు ముందుకి వంగారు. ఎవరిదో చంటిపిల్ల ఏడుస్తుంటే పదిమంది కలిసి ఊరుకోబెట్టారు. రూబీ వైరు పీకి, ఫోను తిరగేసి అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది.

“ఆ మాట మటుకు రానివ్వకు ప్రభువా. ఈ ఒక్క రోజు.”

“జవాబిప్పుడే మొదలవుద్దండి,” అంది అందరి వైపు తిరిగి. “ఇక్కడే జారేది.”

తెర మీద గుబురు మీసాల మంత్రిగారు లేచి, గొంతు సవరించుకుని, హిందీలో ఏదో అన్నారు, ఆ వెనకే ఫోన్లోంచి దీవెన గొంతు ఆ మాటని తెలుగులోకి మారుస్తూ అందుకుంది: “ఆయ్! రొయ్యల సంగతి చూస్తామండి, అధ్యక్షా!”