ఒకే బుట్ట కింద

ఆవిడ మొగుడంత నెమ్మదస్తుడు లోకంలో లేడని అందరూ అంటారు. అనేవాళ్ళకేం, కాపురం చేసేది ఆవిడ. నేల మీద పడి లేచే బంతికి రోజంతా ధారపోసే ఆ మనిషి, ఎదురుగా నిలబడ్డ పెళ్ళానికి నాలుగు నిమిషాలు ఇవ్వడు. పోనీ పోట్లాటైనా సరిగ్గా పోట్లాడనిస్తాడా అంటే అదీ లేదు. పోయిన గురువారం తడి తువ్వాలు మంచం మీద పడేశాడని ఆవిడ ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆయన తిరిగి ఒక్క మాటంటే ఒట్టు. మెడలోంచి ఈల తీసి పక్కన పెట్టి, కుర్చీ లాగి, "సరే, కూర్చో. పోట్లాడుకున్నవాళ్ళు గంటసేపు కలిసి ఉండాల్సిందే," అన్నాడు.

ఇంట్లో పెళ్ళానికైనా, కోర్టులో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిలకైనా కోచ్ గారి రాజ్యాంగం ఒక్కటే.

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ బెడిసికొట్టలేదు," అంటున్నాడిప్పుడు, భోజనాల బల్ల మీద తెల్లకాగితం పెట్టుకుని. "ఈ ఇద్దరు పిల్లల దగ్గరే నా పప్పులుడకడం లేదు. ఆరింటికి క్లబ్బు సెక్రటరీ ఫోన్ చేస్తాడు. జట్టులోంచి ఎవర్ని పంపేస్తున్నామో పేరు చెప్పాలి."

గడియారం అయిదూ ముప్పావు చూపిస్తోంది. ఆవిడ ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ ఇస్త్రీ చేస్తోంది.

పోయిన సీజన్‌లో జట్టు అట్టడుగున తేలింది. సెలవుల్లో క్లబ్బువాళ్ళు ముగ్గురిని సాగనంపి, పోటీ జట్టు నుంచి ఒక పొడుగుపిల్లని తెచ్చారు. గుమ్మాల్లో తల వంచి నడిచే ఆ పిల్లకి వచ్చిన రోజే ‘నిచ్చెన’ అని పేరు పడింది. కెప్టెన్ పొట్టిపిల్ల పేరు ఎప్పట్నుంచో ‘టపాకాయ’. మనిషీ పొట్టే, వత్తీ పొట్టే. ఇంకో మార్పు కోచ్ గారిది. నిరుడు అతిగా ఆడి ఒకమ్మాయి మోకాలు పాడుచేసుకుంది కాబట్టి, ఇకనుంచి పొద్దున రెండు గంటలే సాధన. ఆ పైన కోర్టుకి తాళం.

మొదటివారంలో టపాకాయా నిచ్చెనా కలిసి ఇంటికొచ్చి ఇంకో గంట ఇమ్మని బతిమాలారు. "నిమిషం కూడా కుదరదు," అన్నాడాయన. "అక్కా, మీరైనా చెప్పండి," అని ఆవిడ్ని పట్టుకున్నారు. "నా మాట వినే మనిషైతే నాకీ తిప్పలెందుకమ్మా," అంటూ ఆవిడ వాళ్ళని గేటు దాకా దిగబెట్టి వచ్చింది.

ఆ ఇద్దరూ సఖ్యంగా కనబడటం అదే ఆఖరు.

"ఇవాళ దేనికిట?" ఇస్త్రీపెట్టె మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"తువ్వాలుకి! నిచ్చెన తువ్వాలు టపాకాయ సంచి మీద పడిందట. 'ఎత్తున్నానని పొగరా?' అని ఇది. 'నీకందనిదల్లా పొగరేనా?' అని అది. సరిగ్గా ఆట ముగిసే ముందు. నేనూరుకుంటానా? అందరూ వెళ్ళాక ఒకే బుట్ట కింద, ఒకే బంతితో, గంటసేపు ఒకరికొకరు అందించుకోమన్నాను. ఇది ఇరవై మూడోసారి."

"మరి ఆటలో?"

"అదే అంతుపట్టడం లేదు. ఇది చూడకుండా విసురుతుంది, అది చూడకుండా అందుకుంటుంది. ఆట ఆపగానే పామూ ముంగిసా. రేపు మ్యాచిలో జనం ముందు జుట్టూ జుట్టూ పట్టుకుంటే? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు."

"ఎవర్ని పంపుతారు?"

"నిచ్చెననే. టపాకాయని తీస్తే జట్టు చెల్లాచెదురవుతుంది."

ఆవిడ ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపింది, వేసింది, మళ్ళీ ఆపింది. "ఆ పిల్ల ఉన్న ఊరు వదిలి, తల్లిని వెంటబెట్టుకుని వచ్చిందండీ. ఇప్పుడు పొమ్మంటే ఈ ఏడు దాన్ని ఏ జట్టు తీసుకుంటుంది?"

"నాకు మాత్రం సరదానా?"

"ఇంకో వారం చూడకూడదూ?"

"మార్పులకి ఇవాళే గడువు."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. ఎందుకెళ్ళిందో గుర్తురాక తిరిగొచ్చింది. కిటికీ వేసి, మళ్ళీ తీసింది. కాఫీ కలిపి తెచ్చి ఆయన ముందు పెట్టి, ఆయన చెయ్యి చాచేలోగా తనే తాగడం మొదలెట్టింది.

"ఏమిటలా కాలుకాలిన పిల్లిలా తిరుగుతావు? కొట్టుకుంటున్నది వాళ్ళు. మధ్యన నీకేం?"

"తప్పు వాళ్ళది కాదేమోనని..."

"మరి నాదా? పదిహేడేళ్ళుగా మనం చూడు. వారానికోసారి నువ్వు విరుచుకుపడతావు. గంటసేపు కూర్చుంటాం, నవ్వుకుంటూ లేస్తాం. మనకి పనిచేసిన మందు వాళ్ళకెందుకు పనిచెయ్యదు?"

ఆవిడకి కాఫీ పొలమారింది.

ఆయన కలం తీసి కాగితం మీద నిచ్చెన అసలు పేరు రాశాడు. కింద సంతకం పెట్టబోతుండగా ఫోన్ మోగింది. ఆయన చెయ్యి చాచేసరికే ఆవిడ దాన్ని లాక్కుని వీపు వెనక దాచేసింది.

"ఇటివ్వు!"

"ఇవ్వను."

"పిచ్చి పట్టిందా?"

"పట్టింది. ఇవ్వను గాక ఇవ్వను!"

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆయన ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. నిట్టూర్చి, మెడలోంచి ఈల తీసి కాగితం మీద పెట్టి, కుర్చీ లాగాడు.

"సరే, కూర్చో. వాడు మళ్ళీ చేస్తాడులే. ఈ గంట నీది. చెప్పు, ఏమిటి నీ బాధ?"

ఆవిడ కూర్చుంది. నోరు విప్పితే ఇక ఇలాంటి గంట తన జన్మలో దొరకదేమో అనిపించింది. గుమ్మంలో తల వంచి నడిచే పిల్ల గుర్తొచ్చింది.

"తప్పు నాదేనండీ," అంది.

"నీదా?"

"పోట్లాడితేనే మీ దగ్గర గంట దొరుకుతుందని వాళ్ళకి చెప్పింది నేనే."