సున్నా యూనిట్లు

“బ్యాటరీ నిండుగా ఉంది. సోలార్ ప్యానెళ్ళు బాగున్నాయి. మరి వాడకం సున్నా ఏమిటి సురేష్?” ఆఫీసు నుంచి ఫోన్లో కమల మేడమ్ గొంతు చాలా మామూలుగా ఉంది. సురేష్‌కి భయం వేసింది అందుకే.

“ఆ ఊరికే బయల్దేరాను మేడమ్. ఎక్కడో వైరు తెగి ఉంటుంది.”

“పదకొండు రోజులు. శుక్రవారం దాకా ఇలాగే ఉంటే అన్నీ విప్పి వేరే ఊరికి పంపమంటున్నారు పైవాళ్ళు. నేను ఆపలేను.”

జి.మాడుగుల దాటాక జీపు ఆగిన చోటు నుంచి గంటన్నర కొండదారి. జ్వరం తగ్గి మూడు రోజులే అయిన సురేష్ చెమటలు కక్కుతూ ఎక్కాడు. నెత్తిమీద సీలేరు విద్యుత్ కేంద్రం నుంచి మైదానానికి పోయే పెద్ద కరెంటు లైను. దాని కిందున్న పద్నాలుగు గడపల ఊరు మాత్రం ఇన్నేళ్ళూ కిరసనాయిలుతోనే నెట్టుకొచ్చింది.

“కరెంటు కూడా పంటే. మీ ఎండతో మీరే పండించుకోవచ్చు. తర్వాత పక్క ఊళ్ళతో లైను కలుపుకుని ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు” అని ఊరి మీటింగులో ఒప్పించింది సురేషే. కాగితం మీద గీసింది కూడా అతనే. ఈ ఊరు వెలిగితేనే మిగతా పన్నెండు ఊళ్ళు. తీరా స్విచ్చు వేసే రోజు పొద్దున్నే చలిజ్వరం తగిలి, అతన్ని డోలీలో కిందికి దింపారు. మిగతావాళ్ళు పని ముగించి షెడ్డు తాళం ఊరి పెద్ద ఈశ్వరమ్మ చేతిలో పెట్టి వచ్చేశారు.

ఆ ఈశ్వరమ్మే ఎదురొచ్చింది. “జొరం తగ్గిందేటి బాబూ?”

“తగ్గిందమ్మా. తాళం ఇవ్వండి.”

“ముందు కూకో. నీకోసమే...”

“కూర్చునే తీరిక లేదమ్మా.”

షెడ్డులో అన్నీ సలక్షణంగా ఉన్నాయి. స్తంభం స్తంభం చూసుకుంటూ వెళ్ళాడు. మొదటి స్తంభానికి గొయ్యి తవ్వింది అతనే, ఆ రోజు పనివాళ్ళు ఆలస్యమైతే. అరచేతులు బొబ్బలెక్కితే ఆడవాళ్ళు ఒకటే నవ్వు. ఇప్పుడా స్తంభానికి ఎవరో ఆకులు కట్టారు. చూసి మురిసే ఓపిక అతనికి లేదు.

వరహాలు అనే ముసలాయన ఇంటి ముందు ఆయన కోడలు రాజకుమారి తిరగలి తిప్పుతూ చోళ్ళు విసురుతోంది. పక్కనే సోలార్‌తో పాటు ఇచ్చిన కొత్త పిండిమర, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా. సురేష్‌కి ఒళ్ళు మండింది.

“మర ఉండగా ఈ తంటా ఎందుకమ్మా?”

“ఆడతాం బాబూ.”

“ఎప్పుడు?”

“ఇయ్యాలే.”

తనని చూసి అంటున్న మాట అనుకున్నాడు. “షాక్ కొడుతుందని భయమా?”

“బయమేటి?” అని నవ్వింది.

నోరు ఎండిపోయి, అరుగు మీది బుట్టలోంచి ఒక మామిడికాయ తీయబోయాడు. రాజకుమారి బుట్ట పక్కకి జరిపేసింది.

“ఏటనుకోకు బాబూ. మామిడి కొత్త పండగ ఇంకా అవనేదు. ఇది మా మావ నాటిన సెట్టు. ఆయన సంత నుంచొచ్చి ముందు కొరకాల.”

“పిల్లలైనా?”

“ఎవులైనా అంతే.”

సురేష్ సిగ్గుపడి చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగి ఈశ్వరమ్మ దగ్గరికి తిరిగొచ్చాడు. ఈసారి కూర్చోమనకుండానే కూర్చున్నాడు.

“నిజం చెప్పండమ్మా. మీకీ కరెంటు ఇష్టం లేదా? శుక్రవారం లోపు వాడకపోతే అన్నీ పట్టుకుపోతారు.”

“ఇష్టం నేకపోతే స్తంబాలు కొండెక్కించేమేటి?”

“మరి ఇబ్బందేమిటో ఫోన్ చేసి చెప్పొచ్చుగా?”

“జొరంతో పడుకున్నోడికి పోను సేత్తామేటి? నెగు బాబూ. అందరూ ఒచ్చేసినారు.”

చూస్తే షెడ్డు ముందు ఊరంతా ఉంది. పిల్లలకి తలలు దువ్వారు. ఈశ్వరమ్మ అడ్డాకు మీద బియ్యం, పసుపు పెట్టి, కొండదేవతకి ఏదో చెప్పుకుంది. సురేష్ ప్రాణం కాస్త కుదుటపడింది. పూజ కోసం ఆగారన్నమాట. ఆ మాత్రానికి పదకొండు రోజులా?

ఈశ్వరమ్మ అతని మణికట్టు పట్టుకుని మెయిన్ స్విచ్చు దగ్గరికి తీసుకెళ్ళింది.

“నేనెందుకమ్మా? ఊరు మీది, కరెంటు మీది. మీరే వెయ్యండి.”

ఆమె అతని అరచెయ్యి తిప్పి, మానిన బొబ్బల మీద పసుపు బియ్యం పెట్టింది.

“నాటినోడు ముట్టకుండా మేమెలాగ ముట్టుకుంటాం బాబూ?”