మెట్లెక్కని మోకాలు

"ఇదా మీ గొప్ప ఆపరేషన్? పన్నెండేళ్లయింది, ఒక్క మెట్టెక్కితే ఒట్టు!"

ఫుట్‌బాల్ కోచ్ అరుపుకి వరండాలో జనమంతా తొంగిచూశారు. డాక్టరమ్మ ముఖం కందగడ్డ అయింది. మోకీలు అరిగిన మేరకే మార్చి, కీలుని పట్టి ఉంచే లిగమెంటు తెగితే దాన్నీ అదే పూట కొత్తగా వేయడం ఆమె ఇతని కాలితోనే మొదలుపెట్టింది. "రెండూ కలిపితే నాలుగేళ్లు కూడా నిలవవు" అని ఎకసెక్కాలాడే పెద్ద డాక్టరు నోరు మూయించాలనే ఇవాళ ఇతన్ని పిలిపించింది. తీరా వస్తే, ఆయన ఎదుటే పరువు తీస్తున్నాడు.

పెద్ద డాక్టరు మీసాల చాటున నవ్వుకుంటున్నాడు.

ఆమె పళ్లు బిగించి ఆ కాలు వంచింది, చాచింది, పిక్క పట్టుకుని ముందుకు లాగింది. కీలు ఇసుమంత కూడా జారలేదు.

"కాలు గుండ్రాయిలా ఉంది. మెట్లెందుకు ఎక్కరు?"

"బాగుంది! ఎక్కితే కీలు ఊడిపోతుందన్నది మీరే కదా?"

"నేనా? ఎవరితో అన్నాను?"

"దీనితో!" గుమ్మం దగ్గరున్న భార్యకేసి వేలు చూపించాడు. "నేను మత్తులో ఉంటే చెప్పారట. అడగండి దాన్నే!"

డాక్టరమ్మ అతన్ని ఎక్స్‌రేకి పంపి, పెద్ద డాక్టరు కూడా బయటికి వెళ్లాక తలుపు వేసి భార్య మీద విరుచుకుపడింది.

"నేను అనని మాట నాకు అంటగడతారా? బంగారంలాంటి కాలిని మూలన పడేయించారు. బుద్ధుందా మీకు?"

"మీరు అనలేదమ్మా. నేనే అల్లాను." ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. పాత మచ్చల మధ్య ఒకచోట కొత్తగా కమిలి ఉంది. "తాగితే మనిషి కాడు. పిల్లని తీసుకుని మేడ మీది గదిలోకి పోతే ఆ రాత్రికి బతికిపోతాం. నిజం చెప్పేస్తే మాకిక దిక్కులేదు."

డాక్టరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇంతలో ఎక్స్‌రే వచ్చింది. వెలుతురుకెత్తి చూసింది. కీలు నిన్న బిగించినట్టుంది. ఎవరి నోరైనా మూయించడానికి అది చాలు.

తలుపు తోసుకుని కోచ్ వచ్చాడు. వెనకే పెద్ద డాక్టరు.

"ఏం తేలిందమ్మా?" అన్నాడాయన వెటకారంగా.

ఆమె ఎక్స్‌రేని సొరుగులో పడేసి మూసింది.

"ఆవిడ చెప్పింది నిజమే. మీరే గెలిచారు సార్, నా ఆపరేషన్ ఫెయిల్. ఇతను జన్మలో మెట్టెక్కకూడదు."