పసుపు అంటిన వాల్వు

"కారా, రేకుల షెడ్డా? జల్ది చెప్పు" అన్నాడు రాజారాం.

పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ఏరుకోవాలి. ఆ ఊరి పద్ధతి అది. జనం ముందే పొలం పంచుకోవడం అయిపోయింది. ఉమ్మడి ఆస్తిలో కారు, షెడ్డు రెండే మిగిలాయి. తమ్ముడు మధుకర్ ఆ పాత డీజిల్ కారులో స్కూలు పిల్లలను బోధన్‌కు తిప్పి బతుకుతున్నాడు. మొన్నటి నుంచి అది నల్లపొగ కక్కుతోంది.

"బోధన్ చక్కెర ఫ్యాక్టరీ బందయింది గని, దాని పొగంత నీ కార్లకే వచ్చింది తమ్మీ. ఇంజన్ ఖతం. షెడ్డు తీస్కో."

"కారే తీస్కుంట."

రాజారాం ముఖం మాడింది. "మల్ల ఏడ్సుకుంట వస్తే మాట తిరగది."

"ఇద్దరికీ తిరగది" అన్నాడు పెద్దమనిషి పరమేశ్వర్.

మధుకర్ బానెట్ ఎత్తి ఒక వాల్వు ఊడదీశాడు.

"పొగను మల్ల ఇంజన్లకు పంపేది గిదే. బండి బందున్నప్పుడు మూస్కొని ఉండాలె."

నోటితో ఊదాడు. గాలి అవతలికి పోయింది. మూతి మసిబారింది. జనం నవ్వారు.

"తెరుసుకోని బిగుసుకుపోయింది. మారిస్తే సాలు."

"గింత పాత బండికి వాల్వు నిజామాబాద్ల గూడ దొరకది" అన్నాడు రాజారాం.

మధుకర్ భార్య సవిత కొంగుముడి విప్పి ఒక వాల్వు అందించింది. దాని నిండా పసుపు.

"కొత్త సామానని పసుపు వెట్టి మొక్కినవా బిడ్డా?" అన్నాడు పరమేశ్వర్.

సవిత కొంగుకు అంటిన పసుపు దులుపుకుంది.

మధుకర్ వాల్వు తుడిచి బిగించి తాళం తిప్పాడు. పరమేశ్వర్ తన తెల్ల తువ్వాలను సైలెన్సర్‌కు అడ్డం పట్టాడు. మధుకర్ ఆక్సిలరేటర్ తొక్కాడు. ఇంజన్ గర్జించింది. తువ్వాల తెల్లగానే ఉంది. జనం ఈలలు వేశారు.

"గిది చెల్లది! మల్ల పంచుదాం!" రాజారాం అరిచాడు.

"మాట తిరగదంటివి గద?" అన్నాడు పరమేశ్వర్.

"ముందుగాల ఆ వాల్వు యాడిదో అడుగుండ్రి! దొంగసొత్తేమో!"

సవిత నవ్వింది.

"దొంగసొత్తే బావా. గీ కారుల నుంచి ఊడదీసిందే. కూరలకు పసుపు తీసుకుందామని పోతే, మీ ఇంట్ల పసుపు డబ్బల దొరికింది."