నీళ్లు మారినప్పుడల్లా

బావిలోకి తొంగి చూస్తున్న మనిషిని మొదట చూసింది గిడ్డమ్మ.

"ఎవరప్పా నువ్వు? మా బాయిలో ఏం ఎతుకుతాండావు?"

"నీళ్లమ్మా."

"మేమూ నెల్నాళ్ల నుంచి వాటికే ఎతుకుతాండాము. కనపడితే చెప్పు, కడవ తెచ్చుకుంటా."

నీళ్లకొచ్చిన ఆడవాళ్లంతా నవ్వారు. చంకలో బిడ్డతో నిలబడిన ఆమె కోడలు సుంకులమ్మ మాత్రం నవ్వలేదు.

పంతొమ్మిది వందల యాభై రెండు కరువు అది. ఊరికి మిగిలింది ఆ ఒక్క బావే. ఇంకో పదిహేను రోజుల్లో కరువు పనుల ఆఫీసరు వస్తాడు. బురద తాగితే కలరా వస్తుందని దాన్నీ పూడ్పించేస్తాడట. ఆ తర్వాత వంకలో నిలిచిన మురికి నీళ్లే గతి. పోయిన నెల ఆ నీళ్లు తాగి పక్కింటి పసిబిడ్డ రెండు రోజుల్లో చచ్చిపోయింది. సుంకులమ్మ బిడ్డకు ఇంకా ఏడాది నిండలేదు.

వచ్చినతను తన పేరు ఉరుకుందు అన్నాడు. ఊరేదంటే గుట్ట అవతలికి చెయ్యి చూపించాడు. తాగడానికి చెంబెడు నీళ్లు అడిగాడు.

"బిడ్డలకే లేవు, నీకు యాడ తెచ్చేది?" అంది గిడ్డమ్మ.

అతను మళ్లీ అడగలేదు.

"ఈ బాయిలో నీళ్లు ఎప్పుడు దిగుతాయి, ఎప్పుడు ఎక్కుతాయి?"

ఒకామె పొద్దున దిగుతాయంది. ఇంకొకామె మధ్యాహ్నమంది. "నేనొచ్చేటప్పటికి దిగుతాయి, పోతానే ఎక్కుతాయి" అంది గిడ్డమ్మ.

"బాయి పూడ్చొద్దని ఇట్ల చెప్తే ఏ ఆఫీసరు ఇంటాడు?" అంటూ అతను భుజం మీది నారతాడు తీసి సుంకులమ్మకు ఇచ్చాడు. "తోడిన కడవకొక ముడి ఎయ్యి తల్లీ."

సుంకులమ్మ తాడును అటూ ఇటూ తిప్పి చూసింది.

"కడవకొకటంటే తాడంతా ముళ్లే అయితాయి. నీళ్లు ఎప్పుడు మారినాయో యాడ తెలుస్తాది? నీళ్లు బాయి మూడో మెట్టు కిందికి దిగితే ముడి ఎయ్యాల. మెట్టు మీదికొస్తే గుడ్డపేలిక కట్టాల. నీళ్లు ఊరికే ఉంటే తాడూ ఊరికే ఉండాల."

అతను ఆమెను తేరిపార చూశాడు.

"ఎంతవరకు సదివినావు?"

"రెండో తరగతి. తమ్ముడు పుట్టినాడని మానిపించిరి."

"అయితే పొద్దును కూడా తాడులోనే పెడదాం. జాముకొక జాన. పగటికి నాలుగు జానలు. యా జాములో మారితే ఆ జానలో కట్టు."

"తప్పు కడితే?"

"విప్పొద్దు. పక్కన మసి పూసిన పేలిక కట్టు, అది తప్పని. ఒక్కటి విప్పినావంటే మిగిలినవన్నీ నువ్వే కల్పించినావంటారు."

అది సోమవారం. ఆ రోజు నుంచే సుంకులమ్మ బిడ్డను ఒళ్లో వేసుకొని బావి గట్టు మీద కూర్చుంది. గంజి పోసే చోట వరుస తప్పిపోయినా గట్టు వదల్లేదు.

"నా కోడలు బాయికి మొలతాడు పేనుతాండాది" అని ఊరంతా చెప్పుకొచ్చింది గిడ్డమ్మ.

మళ్లీ సోమవారం ఉరుకుందు వచ్చాడు. సుంకులమ్మ తాడును నేల మీద పరిచింది.

"రోజూ మొదటి జాములో ముడి, నాలుగో జాములో పేలిక. పోయిన సోమవారం మాత్రం తాడు నున్నగా ఉండాది. ఈ పొద్దూ అంతే, ఇంతవరకు నీళ్లు దిగలేదు."

"సోమవారం ఏముండాది?" తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏముండాది, బసవన్న దినమని ఎద్దులకు కాడి కట్టరు..."

అనేసి ఆగిపోయింది. గుట్ట అవతల ఒక ఆసామి తోట ఉంది. జత మార్చి జత ఎద్దుల్ని కట్టి, మూడో జాము దాకా అక్కడి బావి మీద కపిలె తోలిస్తాడు. ఎద్దులు లాగే ఆ తోలుసంచి ఒకసారి మునిగి లేస్తే పది కడవల నీళ్లు తోటలోకి పోతాయి.

"ఆ కపిలెనా మా నీళ్లు లాగేది?"

"నా మాట ఎవరూ నమ్మరు తల్లీ. ఇంకో వారం కట్టు. ఆఫీసరుకు తాడు చూపించు. నా పేరు ఎత్తొద్దు."

"ఆసామి మీద ఏదో పగ ఉండాది వీనికి" అంది గిడ్డమ్మ, అతనికి వినపడేటట్టే. "మనల్ని ముందర పెట్టి తాను ఎనక దాక్కుంటాండాడు."

అతను తుండుగుడ్డ దులుపుకొని గుట్ట వైపు వెళ్లిపోయాడు.

ఆఫీసరు వచ్చాడు. తాడు చూసి నవ్వాడు.

"నవ్వు సామీ" అంది సుంకులమ్మ. "నవ్వినాక ఈ కొన నుంచి ఆ కొన దాకా ఒక్కసారి చేత్తో తడుము."

ఆఫీసరు వేళ్లు ముడి మీద నుంచి పేలికకు, పేలిక మీద నుంచి ముడికి నడిచాయి. నున్నటి చోట ఆగాయి. ఆమె ప్రతి జానా చెప్పింది. మసి పూసిన రెండు పేలికల్నీ దాచకుండా చూపించింది.

ఆయన ఆసామి ఎద్దుల్ని రెండు రోజులు విప్పించి చూశాడు. రెండు రోజులూ నీళ్లు మూడో మెట్టు దిగలేదు. వాన పడేదాకా కపిలె కట్టకూడదని కాగితం రాసిచ్చాడు. బావి నిలిచింది.

మరునాడు పొద్దున్నే సుంకులమ్మ బిడ్డను చంకనేసుకొని గుట్ట దాటింది. ఉరుకుందుకు ఆ మాట తానే చెప్పాలని.

తోట పక్క గుడిసెల దగ్గర ఒక ముసలామె కట్టెలు చీలుస్తోంది.

"అవ్వా, ఉరుకుందు ఇల్లు యాడ?"

"నిన్ననే ఖాళీ చేసిపాయ. పెండ్లాన్ని, ముగ్గురు బిడ్డల్ని ఎంటబెట్టుకొని యాడికి పోయినాడో ఏమో."

"ఎందుకు పోయినాడు?"

"కపిలె నిలిపేసిరి కదమ్మా" అంది ముసలామె, "పదేండ్ల నుంచి దాన్ని తోలుకొని బతుకుతాండింది వాడే."